పెట్టెకి చుట్టిన కవరు

పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే మా ఇంట్లో బొగ్గు పొడి తుడవడం మొదలు. కిటికీ ఊచలు, ఫ్రిజ్ మీద గుడ్డ, టీవీ వెనక సందు. తుడిచిన చోటే చెయ్యి పెడితే మళ్ళీ నలుపు. ఈమధ్య వాటితో పాటు ఇంకొకటి చేరింది. టీవీ స్టాండు మీద, అరచేతిలో పట్టేంత కంప్యూటరు. దానికి తెర లేదు, మీటలు లేవు. ఆకుపచ్చ అట్టముక్క మీద వెండి గింజలు అతికించినట్టుంటుంది. మా అమ్మాయి నిఖిత దానికి చిన్న కార్డు గుచ్చి, వైఫై పెట్టె నుంచి తీగ కలిపి, ల్యాప్‌టాప్‌లో చాలాసేపు టకటకా కొట్టి, "ఇదేనమ్మా మన ఇంటి సర్వరు. కెమెరా వీడియోలన్నీ దీన్లోనే ఉంటాయి. బయట కంపెనీలకి పోవు. నువ్వింక భయపడక్కర్లేదు" అంది.

వీధి చివరింట్లో దొంగలు పడ్డారని నిద్ర మానేసింది నేనే. "మీ అమ్మకి భయపడ్డానికి జీతమిత్తే నాకన్నా ఎక్కువ తెచ్చును" అని మా ఆయన త్రినాథరావు నవ్వారు, నవ్వుతూనే కెమెరాకి ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారా అని అప్పుడు నాకు తోచలేదు. ఎవరెవరి ఫోన్లో బొమ్మ కనబడాలో నిఖిత పేర్లు ఎక్కిస్తుంటే ఆయన తన పేరు చెప్పారు, ఎలమంచిలిలో ఉన్న తమ్ముడి పేరు చెప్పారు. "మరి అమ్మకో?" అంది పిల్ల. "మీ అమ్మ ఇంట్లోనే ఉంటాది కదా, కొత్తగా ఏటి సూత్తాది?" అన్నారు. నాకెందుకులే అని నేనూ అన్నాను.

హాల్లో మూల పెట్టిన ఆ కెమెరాకి వీధి గుమ్మమూ కనిపిస్తుంది, వంటింటి గట్టూ కనిపిస్తుంది. దొంగలు రాలేదు. నేనే దొరకడం మొదలుపెట్టాను. మా అత్తగారు నారాయణమ్మ ఎలమంచిలిలో మరిది ఫోను పట్టుకుని కూర్చుని, "రవణీ, సీపురు గుమ్మానికి అడ్డంగా పెట్టేవేటి? తియ్యి తియ్యి, నాను సూత్తన్నాను" అంటుంది. తను పనిచేసే ప్లాంటులో టీ తాగుతూ ఈయన, "పాలోడితో అంతసేపు ఏటే ఊసులు?" అంటారు. నాకు బయటికెళ్ళేటప్పుడు గ్యాసు కట్టేశానో లేదో అని అనుమానం. తాళం వేసి, తీసి, మళ్ళీ వచ్చి చూస్తాను. ఆ వీడియో ఆయన పెళ్ళింట్లో చుట్టాలందరికీ చూపించారు. "సూడండి బావా, మళ్ళీ ఒత్తాది, ఇదిగో మళ్ళీ ఒచ్చింది." అందరూ నవ్వారు. నేనూ పళ్ళు కనబడేలా నవ్వాను. ఇంటికొచ్చాక ఆ చీర మడత పెట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

అలాంటి రోజుల్లోనే స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా, ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నేను భయపడని వస్తువు ఈ ఇంట్లో లేదు. పిల్ల బస్సు ఆలస్యమైతే భయం, సముద్రంలో వాయుగుండం అంటే భయం, ప్లాంటు నుంచి వేళకాని వేళ ఫోనొస్తే భయం. కిందటేడు గుండెల్లో నొప్పంటే గ్యాసు నొప్పని తేలింది. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో జోకే. ఇన్ని ఉత్తుత్తి భయాలు పడ్డదాన్ని, నిజం భయం వచ్చిందని ఎవరికి చెప్పను? ముందు తెలుసుకుందాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. పదో తరగతి చదివినదాన్ని, బోర్డులు చదువుకోగలను. మద్దిలపాలెంలో బస్సు దిగి, ఆటో ఎక్కి, సీతమ్మధారలో ఆడ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. "సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపాలమ్మా. ఇప్పుడే ఏదీ అనుకోవద్దు, ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. శుక్రవారం రండి" అంది ఆవిడ.

అలా డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు పొద్దున్న, బయల్దేరే ముందు మామూలుగా దుమ్ము తుడుస్తూ, పాపం ఈ చిన్నదాన్నిండా బొగ్గే కదా అని, టీవీ రిమోటుకి చుట్టినట్టే ఆ సర్వరు పెట్టెకీ ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. సాయంత్రం ఈయన చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకొచ్చారు.

"పొద్దున్నించి బొమ్మ రాట్లేదు. ఏటి సేసేవ్ దీన్ని?"

నిఖిత కవరు విప్పి పట్టుకుని పడీపడీ నవ్వింది. "వేడెక్కి ఆగిపోయింది నాన్నా. గాలాడాలమ్మా దీనికి. ఇలా ఊపిరాడకుండా కట్టేస్తే ఎలా పనిచేస్తాది?"

ఆయన నవ్వలేదు. "ఇన్నాల్లూ లేని కవరు ఇయ్యాలే కట్టేవేం? ఎక్కడికెల్లావ్?"

"ఎక్కడికీ లేదండీ. ఇంట్లోనే ఉన్నాను."

పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. ఆయన నన్ను నమ్మలేదు. నా మొహం వైపు కూడా కాదు, నా కాళ్ళ వైపు చూశారు, దుమ్ముందేమోనని. ఆ రాత్రి నుంచి నాకింకో పని చేరింది. ఆ పెట్టె ఆగితే ప్లగ్గు తీసి పెట్టాలి. ఎర్ర దీపం పక్కన పచ్చ దీపం మిణుకుమంటే పనిచేస్తున్నట్టు. నన్ను చూడ్డానికి కావలసిన దీపాన్ని నేనే వెలిగించి పెట్టాలి.

ఇవాళ శుక్రవారం. ఆయన డ్యూటీకి, పిల్ల కాలేజీకి వెళ్ళారు. వంట చేసి, గిన్నెలు తోమి, చీర కట్టుకుని, టీవీ స్టాండు దగ్గరికొచ్చి ప్లగ్గు లాగేశాను. రెండు దీపాలూ ఆరిపోయాయి. చేతిలో ఆ పాత కవరు, రబ్బరు బ్యాండు. అడిగితే చెప్పడానికి మాట కూడా సిద్ధంగా ఉంది, దుమ్ము పడుతోందని మర్చిపోయి కట్టానండీ అని. గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయాను. ఇవాళ సూది. రేపు దాని సంగతి తెలుసుకోవడానికి. తెలిసింది మంచిదైతే సరే, కాకపోతే ఆ తర్వాత ఇంకెన్నిసార్లు? ఎన్నిసార్లు కవరు చుట్టను? దొంగల కోసం పెట్టిన కెమెరా కదా ఇది. నా ఇంట్లోంచి నేను, దాని కళ్ళు కట్టి, ఆ దొంగలాగే బయటపడాలా? భయం వేస్తోంది. ఎప్పటి భయమే. కానీ ఈసారి అది ఆయనేమంటారోనని కాదు, నాకేమవుతుందోనని.

వెనక్కొచ్చి ప్లగ్గు పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పచ్చది ఒకసారి మిణుకుమంది, ఆగింది, మళ్ళీ మిణుకుమంది. కవరు చెత్తబుట్టలో వేశాను. కెమెరా ఎదురుగా, సంచి భుజాన తగిలించుకుని, బాగా కనబడేలా నిలబడ్డాను.

ఫోను మోగింది.

"ఏటే, ఇందాకా ఆగిపోనాదేటి? ఆ సీర కట్టేవేటి, ఎక్కడికి?"

"ఆస్పత్రికి. మొన్నా వెళ్ళాను. సాయంత్రం చెప్తాను."

"ఏటీ? మళ్ళీ మొదలెట్టేవా? ఆగు, ఆగక్కడ..."

ఫోను సంచిలో వేసి తాళం వేశాను. మెట్లు దిగాక అలవాటుగా కాళ్ళు ఆగాయి. గ్యాసు కట్టేశానా?

వెనక్కి వెళ్ళలేదు. కెమెరా ఉంది కదా, చూసుకుంటారు.