వెనక పిలుపుకి వేసిన పీట

నేను ఒక ముక్కాలి పీటను. మనుషుల్ని నేను ఎప్పుడూ కింది వైపు నుంచే ఎరుగుదును. కాబట్టి వాళ్ళ మీద నాకు పెద్ద గౌరవం లేకపోతే తప్పు నాది కాదు.

కాకినాడలో ఎవరి ఇంటికో వేప ద్వారబంధం చేయగా ఒక చెక్క మిగిలింది. వడ్రంగి దాన్ని పొయ్యిలోకి పంపబోయి, ఎందుకో మనసు మార్చుకుని నన్ను చేశాడు. మొదటి పదిహేనేళ్ళు ఒక ఫోటో స్టూడియోలో గడిపాను. పెళ్ళికొడుకులు, పరీక్ష తప్పినవాళ్ళు, పింఛను కాగితాలకు ఫోటో కావలసిన ముసలివాళ్ళు, అందరూ నా మీద కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం సొంత ముఖం దాచేసి అరువు ముఖం తగిలించుకునేవారు. "కాస్త నవ్వండి" అంటే నవ్వేవారు. ఎందుకు నవ్వాలని అడిగినవాడు ఒక్కడూ లేడు.

స్టూడియో మూతపడినప్పుడు, అక్కడ ఫోటోలకు రంగులద్దే పేర్రాజు నన్ను సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చాడు. మేడ మీద రెండు గదుల అద్దె వాటా అది. ఆయన భార్య హైమవతి నన్ను గుమ్మం లోపల, కిటికీ కింద వేసింది. కిటికీ గట్టు మీద నిండా నీళ్ళతో ఇత్తడి చెంబు పెట్టింది. అదీ నా రెండో ఉద్యోగం.

ఉద్యోగం ఏమిటంటే, బయలుదేరిన మనిషిని ఎవరైనా వెనక నుంచి పిలిచినా, ఇంట్లో ఎవరైనా తుమ్మినా ఆ మనిషి వెనక్కి రావాలి. చెప్పులు విడిచి, నా మీద కూర్చుని, రెండు గుక్కల నీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ బయలుదేరాలి. దాంతో చెడు శకునం తొలగిపోతుందట. మూడు కాళ్ళ పీటను చూసి పారిపోయే శకునానికి మనుషులు ఎందుకు భయపడతారో నాకు ఇప్పటికీ తెలియదు.

పేర్రాజు పోయి ఏడేళ్ళయింది. హైమవతి ఒక మందుల కొట్టులో రోజూ నాలుగు గంటలు పనిచేస్తుంది. మొన్నటి వానల్లో ఆ కొట్టు మెట్ల కింద వణుకుతున్న కుక్కపిల్లను కొంగులో చుట్టుకుని తెచ్చింది. కాజా రంగులో ఉందని దానికి కాజా అని పేరు పెట్టింది. వచ్చిన పూటే అది నా ఎడమ కాలు కొరికింది. కనీసం అది అరువు ముఖంతో రాలేదు.

హైమవతి ఇంట్లో ఉన్నంతసేపు కాజా బంగారం. తలుపు మూసుకుందా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. తలుపు గీరడం, గుమ్మంలో పాడుచేయడం, గొంతు బొంగురుపోయేదాకా మొత్తుకోవడం. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మాణిక్యాంబ ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గర కాపు కాసింది.

"ఏమ్మా హైమా, నీ కుక్క గోలకి నాకు కునుకు లేదు. నెలాఖరుదాకా చూస్తాను. ఈలోగా దాని నోరు మూయించు, లేకపోతే ఎవరికయినా ఇచ్చెయ్యి. లేదా నువ్వే వేరే ఇల్లు చూసుకో."

"పసిది కదండీ పిన్నిగారూ."

"పసిదే తల్లీ. పసిదానికే ఆ గొంతుంటే, రేపు పెద్దదయ్యాక రేవులోంచి ఓడలు బయల్దేరవు."

హైమవతి పైకి వచ్చి నా మీద కూర్చుంది. ఆ పూట శకునమేమీ లేదు. కాజాను ఒళ్ళోకి తీసుకుని ఊరికే కూర్చుంది. ఎవరికైనా ఇచ్చేయడమంటే మళ్ళీ ఒకరిని గుమ్మం దాటించడమే కదా. ఆ పని ఆమె వల్ల కాదు.

మర్నాడు ఆమె కబురు చేస్తే పశువుల ఆసుపత్రి కాంపౌండరు సత్యానందం వచ్చాడు. మనుషుల మందుల కోసం ఆమె కొట్టుకి వచ్చే మనిషి.

"మీరు వెళ్ళడం పెద్ద విశేషం కాదని దానికి తెలియాలి అక్కగారూ. ఊరికే తాళంచెవులు గలగలలాడించి కూర్చోండి. చెప్పులు వేసుకుని ఇంట్లోనే తిరగండి. అది పట్టించుకోవడం మానేశాక తలుపు మూసి, పది లెక్కపెట్టి రండి. తర్వాత నిమిషం, తర్వాత అయిదు. అరుస్తుంటే మాత్రం రావద్దు, ఊరుకున్నాకే రావాలి. వెళ్ళేటప్పుడు ముద్దులొద్దు, వచ్చాక హారతులొద్దు."

"వెళ్ళొస్తానని కూడా చెప్పకూడదా?"

"అదసలే వద్దండి."

హైమవతి ముఖం మాడిపోయింది. ఆమె పాలవాడికి కూడా "వెళ్ళి రా నాయనా" అని చెప్పే మనిషి. అయినా మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పులు వేసుకోవడానికి మనసొప్పక కొత్త జత కొని, కడిగి, పసుపు రాసి తొడుక్కుంది. రోజుకి ఇరవై సార్లు తాళంచెవులు మోగించింది. అయిదో రోజుకి కాజా ఆ చప్పుడుకి చెవి కూడా కదపలేదు. ఆరో రోజు తలుపు మూసి మెట్ల మీద నిలబడింది.

లోపలి నుంచి "భౌ" అని ఒక్క అరుపు.

హైమవతి తలుపు తీసింది. చెప్పులు విడిచింది. నా మీద కూర్చుంది. రెండు గుక్కలు తాగింది. కాజా ఆమె పాదాల మీద గడ్డం ఆనించి హాయిగా కళ్ళు మూసుకుంది. లేచి వెళ్ళింది. "భౌ." మళ్ళీ వచ్చింది, కూర్చుంది, తాగింది. ఆ పూట ఏడుసార్లు. చెంబు ఖాళీ అయింది. శిక్షణ చక్కగా సాగిందని ఒప్పుకోవాలి. ఒక్క అరుపుకి రావడం, కూర్చోవడం, నీళ్ళు తాగడం హైమవతి వారం రోజుల్లో నేర్చేసుకుంది.

ఎలా ఉందో చూసిపోదామని వచ్చిన సత్యానందం ఈ తతంగమంతా గుడ్లప్పగించి చూశాడు.

"అదేంటక్కగారూ, అరిస్తే రావద్దన్నాను కదండీ."

"వెనక నుంచి పిలిచింది కదండీ."

"ఎవరు?"

"కాజా."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. హైమవతి చెంబు మూతి తుడుస్తూ చెప్పింది.

"మా ఆయన ఆ రోజు కళ్ళజోడు మర్చిపోయారు. వంటింట్లోంచి నేనే పిలిచాను, ఏవండీ అని. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నేను బయటికి రాలేదు. ఆయన జోడు తీసుకుని అలాగే వెళ్ళిపోయారు. కూర్చోలేదు. బస్టాండులో గుండె ఆగిపోయింది. కూర్చోండి అని ఒక్క మాట అనుంటే..."

సత్యానందం దగ్గర దీనికి మందు లేదు.

నా దగ్గర ఉంది. ఆ రోజు పేర్రాజు కూర్చున్నాడు. చెప్పులు విడిచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, నా మీద కూర్చుని, రెండు గుక్కలు తాగి, చెంబు చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టి వెళ్ళాడు. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. అయినా తిరిగి రాలేదు. నా వల్ల ఎవరికీ ఏమీ ఆగదని చెప్పగల సాక్షిని నేనొక్కడినే. దేవుడు నాకు మూడు కాళ్ళిచ్చాడు, ఒక్క నోరివ్వలేదు. ఏడేళ్ళుగా ఆమె చేయని తప్పుకి నా మీద కూర్చుని శిక్ష అనుభవిస్తోంది.

సత్యానందం కాజా తల నిమురుతూ అన్నాడు, "మీరొచ్చి కూర్చున్న ప్రతిసారీ, పిలిస్తే తప్ప మనిషి రాదని దానికి నేర్పుతున్నారండి. మీ భయం దానికి అంటిస్తున్నారు."

ఆయన వెళ్ళాక హైమవతి నన్ను ఎత్తింది. మెట్ల మలుపులో, తలుపు తెరిస్తే గుమ్మం లోపలికి కనబడే చోట, గోడవారన దించి, నా మీద కనకాంబరం కుండీ పెట్టింది, ఇక కూర్చోవాలన్నా చోటు లేకుండా. చెంబు వంటింట్లోకి పోయింది.

మళ్ళీ పది లెక్కపెట్టడం దగ్గర్నుంచి మొదలు. అరుపు వినబడితే ఆమె మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడేది. ఊరుకున్నాకే తలుపు తీసేది. నిమిషం, అయిదు, పావుగంట, గంట.

నెలాఖరు రోజు. సత్తు గ్లాసు అడుగున పెరుగన్నం గట్టిగా అదిమి కాజా ముందు పెట్టి, మాట్లాడకుండా తలుపు మూసి వచ్చింది. మలుపు దాకా దిగేసరికి, "భౌ."

హైమవతి ఆగింది. చేయి కుండీ అంచు మీద పడింది. ఆ బరువు నా కాళ్ళదాకా తెలిసింది. వెనక్కి పోతుందనే అనుకున్నాను. మనుషుల మీద నేను ఎప్పుడు పందెం కాసినా గెలుస్తాను. పైన గ్లాసు దొర్లిన చప్పుడు. తర్వాత నాకుతున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆమె పెదవులు "వెళ్ళొస్తా" అని కదిలాయి, చప్పుడు లేకుండా. దిగి వెళ్ళిపోయింది. ఆ ఒక్కసారీ ఓడిపోయాను.

మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి మాణిక్యాంబ కింద నిలబడి ఉంది.

"ఏమ్మా, కుక్కని ఇచ్చేశావా? పొద్దుట్నుంచి అలికిడి లేదు."

"ఉందండీ పిన్నిగారూ."

"ఉంటే ఉండనీలే," అని ఆవిడ లోపలికి పోయింది.

హైమవతి తలుపు తీసింది. మునుపు నేనుండే చోట పడుకున్న కాజా ఒక కన్ను తెరిచి, తోక రెండుసార్లు నేలకి కొట్టి, మళ్ళీ నిద్రలోకి జారింది. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమే, నేను రానేమోనని ఒక్కసారైనా అనుకోలేదా?" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మనిషంటే ఇదీ. ఏడవకూడదని నెల రోజులు నేర్పి, ఏడవకపోతే నొచ్చుకోవడం.

కుండీలోంచి కారే నీళ్ళకి నా కాలొకటి పుచ్చిపోతోంది, కాజా కొరికినదే. రోజూ దిగేటప్పుడు హైమవతి చేయి ఒక్క క్షణం నా అంచును తాకుతుంది. కూర్చోదు, ఆగదు. తాకితే తాకనీ, నాకేం. ఆ క్షణం నేను బిగబట్టుకుని కదలకుండా ఉంటాను. కదిలితే కుండీ పడిపోతుంది కదా. అంతకు మించి వేరే కారణమేమీ లేదు.