మందుల కొట్టు అక్క

“మీరు కాస్త పక్కకి జరగండి మేడమ్, ఫోటోలో పడుతున్నారు.”

టీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఆమె గోడవైపు జరిగింది. ఫోటో తీస్తున్న అమ్మాయి పత్రిక నుంచి వచ్చింది. ఇంటావిడ భర్త బొమ్మల బల్ల ముందు కూర్చుని, చేతిలో కలం పట్టుకుని, ఎక్కడో లోకాల అవతల ఉన్నవాడిలా కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ కలం ఆమెది. పాళీ ఒకవైపు అరిగి ఆమె వేళ్ళకి తప్ప ఇంకెవరికీ లొంగని కలం. ఆయన పెన్సిలుతో తప్ప గీయడు. ఫోటోలో పెన్సిలు చిన్నతనంగా ఉంటుందనుకున్నాడో ఏమో, చేతికి అందింది తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనకి అన్నీ అలాగే చేతికి అందుతాయి.

ఆయన మాంగా, అంటే జపాన్ తరహా బొమ్మల కథ, గీస్తాడు. వారం వారం వచ్చే ఆయన బొమ్మల కథ మొదలైనప్పుడు పక్కింటి పాప సంచి ఈడ్చుకుంటూ బడికి వెళ్ళేది. ఇప్పుడు ఆ పాపకే ఒక పాప. కథలో హీరో మాత్రం తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ కత్తి పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. ఇంతకాలమైనా వాడికి మీసం రాలేదు, బుద్ధీ రాలేదు.

ఆ ఇంట్లో బొమ్మలు గీయడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి పేజీలోనూ ఆయన హీరోని మాత్రం వెంట్రుక వెంట్రుకా గీస్తాడు. మిగతావాళ్ళ తలలు ఉండాల్సిన చోట కోడిగుడ్ల లాంటి గుండ్రాలు చుట్టి, లోపల ఒక నిలువుగీతా ఒక అడ్డగీతా పెట్టి వదిలేస్తాడు. పక్కన ‘పడవవాడు’, ‘ఎవరో ముసలిది’, ‘జనం’ అని రాస్తాడు. ఆ గుడ్లని పొదిగి మనుషుల్ని చేసే పని ఆమెది. పెళ్ళైన కొత్తలో ఊరికే నలుపు పూయడానికి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత మొహాలు ఆమె నెత్తిన పడ్డాయి, వాటి వెనకే బట్టలు, ఇళ్ళు. చివరికి మాటలు కూడా. “వీడు ఇక్కడ ఏదో ఒకటి అనాలి, నువ్వే చూసి రాసెయ్యి” అనేవాడు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పడవవాడికి కోపమొస్తే ఎలా తిడతాడా అని ఆలోచిస్తూ ఆమె ఎన్ని గిన్నెలు మాడ్చిందో లెక్కలేదు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పేది. “మావాడు ఒళ్ళు హూనం చేసుకుంటాడమ్మా. ఆవిడకేం, నీడపట్టున కూర్చుని నలుపు పూస్తుంది.”

ఫోటోలయ్యాక పత్రిక అమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆమె కప్పులు అందించి, ఖాళీ పళ్ళెంతో తలుపు దగ్గర నిలబడింది.

“సార్, మా పాఠకుల్లో ఎప్పుడూ ఒకటే గొడవ. ఇంత పెద్ద కథలో పక్క పాత్రలు నిజంగా ఎదిగాయా, లేక హీరో కోసం పెట్టినవేనా అని. కొంతమందైతే...” అమ్మాయి నవ్వాపుకుంది. “అందరూ ఎదిగారు, హీరో ఒక్కడే ఎదగలేదంటున్నారు.”

ఆయన కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. “పక్క పాత్రలకి అంత సీన్ ఉండదమ్మా. హీరో మీద వెలుగు పడాలంటే పక్కన కాస్త చీకటి ఉండాలి కదా, వాళ్ళు అలాంటివాళ్ళు. వాళ్ళ కోసం నేను ప్రత్యేకంగా కష్టపడేదేం ఉండదు. వాటంతట అవే వచ్చేస్తాయి.”

అవును మరి. ఈ ఇంట్లో ఏది మాత్రం దానంతట అది రాదు? గిన్నెలు వాటంతట అవే తోముకుని బోర్లా పడుకుంటాయి. బట్టలు వాటంతట అవే మడతలు పెట్టుకుని బీరువా ఎక్కుతాయి. అత్తగారు మంచాన పడ్డ ఆఖరి రోజుల్లో పక్కబట్టలు కూడా వాటంతట అవే మారాయి. ‘మా అమ్మ పోయేదాకా శుభ్రంగానే ఉందిలే’ అని ఈయనే నలుగురికీ చెప్పాడు. ఎవరు శుభ్రం చేస్తే ఉందో ఆ నలుగురిలో ఒక్కరూ అడగలేదు. ఆమె పళ్ళేన్ని గుండెలకి అదుముకుంది.

“మరి మందుల కొట్టు అక్క సంగతేంటి సార్?” అమ్మాయి వదల్లేదు. “మా అమ్మ బొమ్మల కథలు చదవదు. కానీ ఆ అక్క ఉన్న వారం మాత్రం పత్రిక నా చేతిలోంచి లాక్కుంటుంది. హీరో దెబ్బలు తగిలించుకుని వస్తే తిట్టుకుంటూ కట్టు కడుతుంది చూడండి, గుడ్డ పంటితో పట్టి చింపి... అది ఎక్కడ చూశారు సార్?”

“పరిశీలన” అన్నాడు ఆయన.

గుడ్డ పంటితో చింపేది ఆమె సొంత అక్క. ఆస్పత్రిలో నర్సు. ఒక చేత్తో గాయం అదిమి పట్టుకునేది కాబట్టి రెండో చెయ్యి చాలక పంటితో లాగేది. “చచ్చేవాళ్ళందరికీ నా డ్యూటీలోనే తీరిక దొరుకుతుందేం?” అని రోగుల్ని తిట్టేది, వాళ్ళే మళ్ళీ ఆమె వచ్చేదాకా సూది వేయించుకోమని మొండికేసేవారు. చెల్లెలి చెంపల మీద ఎప్పుడూ సిరా మరకలే కాబట్టి ‘మసిపిల్ల’ అని పేరు పెట్టింది. “ఊళ్ళోవాళ్ళందరి మొహాలూ గీస్తావు, నా మొహం గీయడానికేమే మసిపిల్లా, అంత కష్టంగా ఉందా?” అనేది.

ఆ అక్క ఆస్పత్రిలోనే పోయిందని కబురొచ్చిన రోజే పేజీలు పంపాల్సిన రోజు. ఆమె చెప్పులేసుకుంటుంటే ఆయన అన్నాడు. “పేజీలు పూర్తిచేసి వెళ్ళు. ఇప్పుడు నువ్వు పరిగెత్తినా ఆవిడ లేచి కూర్చోదు కదా.” కోపంగా కూడా అనలేదు, గొడుగు తీసుకెళ్ళు అన్నంత మామూలుగా అన్నాడు. ఆమె చెప్పులు విప్పి, కూర్చుని, హీరో జుట్టుకి నలుపు పూసింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వార్డులో అక్క ఉన్న గదిలో నేల కడిగేశారు, తడి ఇంకా ఆరలేదు. ఆ తర్వాతి పేజీల్లో ఒక గుడ్డు పక్కన ‘మందులమ్మే ఎవరో ఆడది’ అని రాసి ఉంటే ఆమె అందులో అక్కని గీసింది. ఆయన చూసి “ముక్కు కాస్త పెద్దదైంది, పర్లేదులే” అన్నాడు. అక్క ముక్కు అంతే ఉండేది. అప్పటినుంచి కొన్ని వారాలకోసారైనా అక్క ఆమె చేతి కింద లేచి కూర్చుంటోంది.

“ఆవిడ గురించి మీకు ముందుగా ఒకటి చెప్తాను, వేసుకోండి” అన్నాడు ఆయన, అమ్మాయి వైపు ముందుకి వంగి. “వచ్చే భాగంలో చంపేస్తున్నా.”

“అయ్యో! ఎందుకు సార్?”

“హీరోకి కోపం రావాలి కదమ్మా. ఈమధ్య కథ చప్పబడింది. దగ్గరివాళ్ళెవరో పోతేగానీ వాడిలో కదలిక రాదు.”

ఆమె ఖాళీ కప్పులన్నీ ఒక్కసారిగా పళ్ళెంలోకి తోసింది. “చూసుకో, బల్ల మీద పేజీలున్నాయి” అన్నాడు ఆయన.

వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అడిగింది. “ఆంటీ, మీరు కూడా చదువుతారా ఈ కథ?”

“అప్పుడప్పుడూ” అంది ఆమె.

తలుపు వేసి వచ్చి ఆమె బల్లకి అవతల నిలబడింది. “చంపడం ఎందుకండీ? కొట్టు మూసేసి ఊరొదిలి వెళ్ళిపోయిందని రాద్దాం.”

“వెళ్ళిపోతే వాడికి కోపమెందుకొస్తుంది? ఏడుపొస్తుంది, అంతే.” ఆయన ఫోనులో తన ఫోటోలు చూసుకుంటున్నాడు. “ఒక బొమ్మ కోసం ఇంత రాద్ధాంతం ఏంటి?”

“ఆ బొమ్మ ఎవరిదో తెలుసా మీకు?”

“ఎవరిదేంటి? నాది.”

“మా అక్కది.”

ఆయన తలెత్తాడు. తెలిసి నటించడం కాదు, నిజంగానే ఆయనకి తెలియదు. ఆ సంగతి మొహంలో స్పష్టంగా కనిపించింది. ఎన్నిసార్లు ఈ గదిలోనే కూర్చుని, పెన్సిలు చెక్కుతూ కోసుకున్న ఈయన వేలికి పంటితో గుడ్డ చింపి కట్టిందో అక్క! ఆ మొహం మళ్ళీ మళ్ళీ ఆయన పేరు కిందే అచ్చయింది. ఒక్కసారి కూడా ఈ మనిషిని ఎక్కడో చూశానే అనిపించలేదు.

“అయితే ఇంకా మంచిది” అన్నాడు ఆయన. “నీకు దుఃఖం బాగా వస్తుంది, సీను అదిరిపోతుంది. పోయేముందు ఏడిపించే మాట ఒకటి అనాలి, అది కూడా నువ్వే రాసెయ్యి. సాయంత్రానికల్లా పంపాలి.” అని ఆవలిస్తూ నడుం వాల్చడానికి లోపలికి వెళ్ళాడు.

ఆమె పేజీలు ముందు వేసుకుంది. మోకాళ్ళ మీద కూలబడి అరుస్తున్న హీరో కన్నీటిచుక్కలతో సహా పూర్తయ్యాడు. వాడి ఒళ్ళో ఒక గుడ్డు, ఒక నిలువుగీత, ఒక అడ్డగీత. పక్కన ‘మందుల ఆమె, చచ్చింది’ అని రాసి ఉంది. చుట్టూ జనం, అందరూ గుడ్లే. ఆమె కలం సిరాలో ముంచి కనుబొమ్మ రావాల్సిన చోట ఆపింది. ఏడిపించే మాట కావాలట. అక్క నిజంగా ఆఖరిసారి ఏమందో ఆమెకి తెలియదు. అడుగుదామని వెళ్ళేసరికి ఆ వార్డులో అప్పుడున్న నర్సుల డ్యూటీలు మారిపోయాయి. చెల్లెలికోసం ఏదైనా అందో, మంచినీళ్ళు అడిగిందో, ఎవరినైనా తిట్టిందో! తనకే దక్కని ఆ మాటని ఇప్పుడు కల్పించి, ఈ మీసం రాని వెధవకి కోపం తెప్పించడానికి వాడాలి. పాత్ర ఎదిగిందా లేదా అని కదూ ఆ అమ్మాయి అడిగింది. హీరో గదిలో లేనప్పుడు కూడా తనకంటూ ఏదో పని ఉన్నవాళ్ళే ఎదిగిన మనుషులని ఆమెకి ఎప్పటినుంచో తెలుసు. అందుకే బొమ్మల్లో బేరాల్లేని వేళ అక్కని కొట్టు మెట్ల మీద కూర్చోబెట్టి గోళ్ళు తీయించింది, అద్దె ఇంటి యజమానితో పోట్లాడించింది, వాన చూస్తూ ఊరికే కూర్చోనిచ్చింది. మరి తనో? ఈయన గదిలో లేనప్పుడు తను చేసేదేంటి? ఈయన వచ్చేసరికి కావాల్సినవి చేసి పెట్టడం. తను ఊరికే కూర్చుని వాన చూసింది ఎప్పుడు? పడవవాడికిచ్చినంత బతుకు కూడా తనకి తను ఇచ్చుకోలేదు. ఆ ఆలోచన వచ్చాక చెయ్యి ముందుకి కదలలేదు. సిరా చుక్క పాళీ చివర నిండుతోంది. అది గుడ్డు మీద పడకముందే ఆమె కలం తీసి తుడిచేసింది.

పేజీలని ఉన్నవి ఉన్నట్టే స్కాన్ చేసి పత్రికకి పంపింది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుంది, గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా.

పొద్దు వాలుతుండగా సంపాదకుడు ఫోన్ చేశాడు. “మేడమ్, తప్పు ఫైలు పంపినట్టున్నారు. హీరో ఉన్నాడు గానీ మిగతా అందరి తలలూ గుడ్లలా ఖాళీగా ఉన్నాయి.”

“తప్పు ఫైలు కాదండీ. సారు గీసింది అంతే.”

ఇన్నేళ్ళ పేజీలూ సంపాదకుడి కళ్ళ ముందు తిరుగుతున్నాయేమో. “అంటే... ఆ జనం, పడవవాడు, వాళ్ళ మాటలు...”

“నేను చేసేదాన్ని. ఇకమీదట చేయను.”

గుమ్మంలో చప్పుడైంది. భర్త నిద్రమొహంతో వచ్చి నిలబడ్డాడు. “ఎవరితో ఏం వాగుతున్నావు? ఇటివ్వు ఫోను.” ఆమె ఇవ్వలేదు.

“అలా అంటే ఎలా మేడమ్, అచ్చుకి టైమైపోతోంది!” సంపాదకుడి గొంతు బతిమాలుతోంది. “కనీసం ఆ మందుల కొట్టు అక్క మొహమైనా వేసి పంపండి. ఈ వారం ఆవిడ చావాలి కదా!”

“ఆవిడ చావదండీ” అంది ఆమె, భర్త కళ్ళలోకే చూస్తూ. “నాతో వచ్చేస్తోంది.”