హకీంసాబు వారసులు

అడిగిందే అడిగేటోన్ని నమ్మొద్దంటరు. భద్రాచలంల పరుపులు కుట్టే ఫజిలత్‌కు సీతయ్య మీద అందుకే అనుమానం పుట్టింది. రెండువేల ఆరు వరద పోయినంక, దుమ్ముగూడెం అడవిల గూడెం నుంచి వచ్చిండాయన. కూసున్న కాడినుంచి ఆమె తాత హకీం దావూద్ ముచ్చటే.

"హకీంసాబు ఏ ఊరోడమ్మా? అడవిల ఎన్నేండ్లున్నడు?"

దవాఖానా పేరే ఎరగని రోజులల్ల మన్నెం జరాలకు మందిచ్చిన మనిషి దావూద్. ఇప్పుడాయన ఊసు ఎవరికుంది? వీనికెందుకు కూపీ? రోడ్డు పడ్డది, జాగకు రేటొచ్చింది. రేటొస్తే లేని చుట్టాలు పుట్టుకొస్తరు!

దూది దుమ్ముకు ఆమెకు దగ్గొచ్చింది. "చెయ్యియ్యమ్మా" అని సీతయ్య మూడువేళ్లతోని నాడి పట్టి కండ్లు మూసుకున్నడు. అచ్చం ఆమె నాయన లెక్కనే. ఫజిలత్ చెయ్యి గుంజుకున్నది.

"ఎవరు నేర్పిండ్రు?"

"మా నాయనమ్మ. ఆమెకు వేర్లు తెలుసు, హకీంసాబుకు నాడి తెలుసు. ఒకరికొకరు నేర్పుకున్నరు. మా అయ్య వాళ్లిద్దరి కొడుకే."

"అదీ సంగతి! వాటాకొచ్చినవా? ఈ ఇల్లు నా రెక్కల కష్టం. ఇటుకపెళ్ల గూడ ఇయ్య!"

"ఇల్లేం చేసుకుంటమ్మా! మా బిడ్డ పుష్పలతకు సంబంధమొచ్చింది. మా కోయోళ్లల్ల గట్టు తేలాలె, అంటే తాతల వంశం. బయటోని వంశమని తెలిస్తే పెద్దలు ఒప్పుకోరు. హకీంసాబు ముచ్చట వాళ్ల చెవిన పడ్డది, రేపు నిన్ను అడగనీకె వస్తరు. నీకెంత ఎరుకో చూద్దామనే అన్నిసార్లు అడిగిన. హకీంసాబుకు అడవిల ఎవ్వరు లేరని చెప్పు."

చుట్టరికం కలుపుకోనీకె కాదు, తెంపుకోనీకె వచ్చిండట! నమ్మబుద్ధి కాలే. ఇందుల ఇంకేం మతలబుందోనని ఆమె రాత్రంత అటూ ఇటూ పొర్లింది.

తెల్లారి పెద్దలు రానే వచ్చిండ్రు. వాళ్ల ఎనక సీతయ్య, మొఖంల నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, మీ తాతకు మా దిక్కు పిల్లలున్నరా?"

సీతయ్య తల ఎత్తకుంట తువ్వాల అంచు మెలిపెడుతున్నడు. ఆ భయం చూసినంక ఫజిలత్‌కు అనుమానం పోయింది. గంతసేపు తిట్టుకున్నందుకు సిగ్గయింది.

"లేరయ్యా. మా తాతకు మా నాయనొక్కడే, మా నాయనకు నేనొక్కదాన్నే."

పెద్దలు సంబురంగ లేచిండ్రు. సీతయ్య పరాయోని లెక్క దండం పెట్టి వాళ్లెంట నడిచిండు. తోడబుట్టినోళ్లు లేరని జిందగీ అంత కుమిలిన ఫజిలత్‌కు, తమ్ముడా అనే మాట నాలుక మీదికొచ్చి ఆగిపోయింది. బిడ్డ పెండ్లికి రమ్మంటడేమోనని ఆమె మలుపు దాకా చూసింది.

పిలవలే. ఎట్ల పిలుస్తడు, పాపం!