ఓబులేసు నేర్చుకున్న క్రియ

కారులో కూర్చుని కాచుకోవడం ఒక చదువైతే ఓబులేసుకు ఈపాటికి డాక్టరేటు వచ్చేది. కదిరి పక్క పల్లెవాడు, దోహాలో హౌస్ డ్రైవర్. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, తనను పనిలో పెట్టుకున్న యజమాని, అంటే కఫీలు, పిల్లలకు పియానో నేర్పే రూతా టీచరును అల్ దోహా అల్ జదీదా పేటలో ఇంకో ఇంటి పాఠానికి దింపి, గంటసేపు అక్కడే ఆగాలి.

టీచరుది లిథువేనియా. మీ భాషలో కాచుకోవడాన్ని ఏమంటారని ఒకనాడు అడిగాడు, తన పని పేరైనా తెలుసుకుందామని. ‘లౌక్తి’ అంది. అప్పటినుంచి వారానికో రూపం. నేనైతే లౌకియు, నువ్వైతే లౌకి. అతనైనా, ఆమె అయినా, పదిమందైనా లౌకియా ఒక్కటే. జరిగిపోయినదైతే నేను లౌకియౌ, ఆమె లౌకే. ఓబులేసు స్టీరింగు మీద తాళం వేసుకుంటూ వల్లించేవాడు.

ఆ గంట అతనికి ఇంకొకందుకూ ఇష్టం. భార్య హనుమక్క ఆ వీధిలోనే ఒకరింట్లో పనిచేసేది. ఆమె మిస్డ్ కాల్ ఇస్తే ఇతను దిగి, సందు మూలనున్న కిరాణా కొట్టు దగ్గరికి వెళ్లేవాడు. కఫీలు కారు దగ్గరికి మాత్రం రావద్దని ఆమెకు గట్టిగా చెప్పాడు. ఎవరైనా చూసి చెబితే ఉద్యోగం ఊడుతుందని భయం.

ఆమె వీసా గడువు ముగిసింది. ఇంకో రెండేళ్లు ఉండమన్నాడు, ఉండనంది. "అట్లయితే పో" అనేశాడు. అన్నాక వారమంతా ముద్ద దిగలేదు. ఆ శుక్రవారం సాయంత్రమే ఆమె విమానం. తప్పయిందని ఎదురుగా చెప్పడానికి మిగిలింది ఆ ఒక్క గంట.

మిస్డ్ కాల్ రాలేదు. అలిగిందిలే, తనే చేస్తుందిలే అని మొండివాడు ఫోనుకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి తానే చేస్తే స్విచాఫ్. ఈలోగా టీచరు వచ్చేసింది.

తిరుగు దారిలో ఆమె ఆ క్రియ పుట్టుక చెప్పింది. వెనకటికి దానికి చూడటమనే అర్థం ఉండేదట. సంస్కృతంలోనూ దానికో చుట్టం ఉందని పండితులంటారట. ఓబులేసు ఊ కొట్టాడు, చెవికెక్కలేదు.

మర్నాడు హనుమక్క ఊరినుంచి ఫోన్ చేసింది.

"ఆ ఫోను పనింటోళ్లది, నిన్న పొద్దున్నే ఇచ్చేసినా. మూలకాడ నిలబడుకోని గంటసేపు నీ కారు దిక్కే చూచ్చా ఉంటి."

"కారు కాడికి రావాల్సింది గదమ్మే."

"రావద్దంటివి గదా. తల ఎత్తి చూచ్చావేమో అనుకుంటి."

తప్పయిందన్నాడు. "సరేలే" అంది ఆమె. ఎదురుగా చెప్పి ఉంటే ఆ సరేలే వేరుగా ఉండేదని అతనికి తెలుసు.

తరువాతి శుక్రవారం టీచరు భవిష్యత్తు రూపం చెప్పబోతే వద్దన్నాడు. అదే చోట కారు ఆపి, ఫోను పక్కన పడేసి, గంటసేపూ అద్దంలో ఆ మూలనే చూస్తూ కూర్చున్నాడు. కొట్టు, దాని ముందున్న మెట్టు, అన్నీ బాగా కనిపించాయి. అక్కడ ఎవరూ లేరు.