ఎవరికీ చెప్పని మెకానిక్

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో ఒక దరిద్రపు గుణం ఉంది. అడిగినవాడికీ అడగనివాడికీ బోనెట్ ఎత్తి చూపిస్తాం, నేలమీద పడుకుని కారు అడుగుభాగం కూడా చూపిస్తాం. మెకానిక్ ఎవరని అడిగితే మాత్రం మాట మారుస్తాం. మంచివాడు దొరకడం అంత కష్టం. నలుగురికీ చెబితే రేపు మన బండి వరసలో ఐదోదవుతుంది. ఇది అందరిలో ఉన్నదే కదా అని నన్ను నేను చాలాకాలం సముదాయించుకున్నాను. కానీ నేను చేసింది అంతటితో ఆగలేదు.

మా నాన్న భీమవరం నుంచి సిటీ శివార్లలోని ఒక ప్లాంటులో ఉద్యోగానికి వచ్చారు. నేనూ రోజూ ఆ గేటులోకే డ్యూటీకి వెళ్తున్నాను. కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక 1978 ఫియట్ పద్మిని ఉంది. మా ఆవిడ మహిత దాన్ని 'మీ పెద్ద భార్య' అంటుంది. జహీరాబాద్ దగ్గర కోళ్లఫారం వెనక తుప్పుపట్టి ఉంటే తెచ్చాను. సిటీలో ముగ్గురు మెకానిక్‌లు చేతులెత్తేశాక, ఇస్నాపూర్‌లో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్న మల్లయ్య దగ్గరికి చేరాం, నేనూ నా ఫియటూ.

మల్లయ్యది రుద్రారం. చిన్నప్పుడే బొంబాయి వెళ్లి ఇరవై ఏళ్లు ఫియట్ టాక్సీలు బాగుచేశాడు. అతని దగ్గర మీటర్లు లేవు. ఇంజిన్ తిరుగుతుండగా తెల్లగుడ్డ ఒకటి సైలెన్సర్ మూతికి అడ్డుపెట్టి, దానికంటిన మసి రంగు చూసి, కార్బురేటర్ స్క్రూని గోరంత తిప్పేవాడు. మళ్లీ గుడ్డ, మళ్లీ స్క్రూ. చివరికి గుడ్డమీద లేత బూడిద రంగు పడ్డాక, 'ఇగ తీస్కపోండ్రి సార్' అనేవాడు. ఆ కారుని గండిపేట దగ్గర ఆదివారం జరిగే పాత కార్ల కలయికకు తీసుకువెళ్తే జనం మూగారు.

అక్కడే నరసరాజు గారు అడిగారు. ఆయనకు పదకొండు కార్లున్నాయి. మా ఇంజిన్ దగ్గర తలవంచి చాలాసేపు విని, ఈ రోజుల్లో ఇంత సాఫీగా తిరిగే ఫియట్‌ని చూడలేదని, ఎవరు చేశారని అడిగారు. నా నోట్లో నాలుక ఎలా తిరిగిందో నాకే తెలియదు. 'నేనే' అన్నాను. అనడమే కాదు, జేబులోంచి కర్చీఫ్ తీసి సైలెన్సర్‌కి అడ్డుపెట్టి, మసి రంగు ఎలా చూడాలో పదిమందికీ పాఠం చెప్పాను. ఆ తర్వాత రెండేళ్లలో మద్రాసు రేస్ ట్రాక్‌కి రెండుసార్లు, కోయంబత్తూరుకి ఒకసారి వెళ్లాను. పాత కార్ల పందెంలో కప్పు కూడా గెలిచాను. ప్రతిచోటా అదే కర్చీఫ్, అదే పాఠం.

మొదటి మద్రాసు ప్రయాణానికి ముందు మల్లయ్య ఒక్కటే అడిగాడు.

"కొత్త బండ్లన్ని కంప్యూటర్‌తోని సూస్తున్నరు సార్. నాకు పని తక్కువైంది. మీ దోస్తులకు జెర నా పేరు చెప్పుర్రి."

తప్పకుండా అన్నాను. తిరిగొచ్చాక చెప్పారా అని అడిగితే, చెప్పానన్నాను. ఏమేం కార్లని అడిగాడు. నోటికొచ్చినట్టు ఒక హెరాల్డ్, రెండు అంబాసిడర్లు అన్నాను. హెరాల్డ్ ఆయన వచ్చేనెల వస్తానన్నాడని కూడా కలిపాను. అడిగినవాడి ముఖం చూసి లేదని చెప్పలేక అలా అన్నానని ఇప్పుడు బుకాయించవచ్చు. అసలు సంగతి అది కాదు. మల్లయ్య నా ఒక్కడికే ఉండాలి, పేరు కూడా నాకే ఉండాలి. రెండూ కావాలనుకున్నాను.

మళ్లీ వెళ్లేసరికి షెడ్డు గుర్తుపట్టలేనట్టుంది. తుక్కంతా బయటపడేసి, మూడు కార్లు పట్టేలా నేల చదును చేసి కంకరపొడి పరిపించాడు. బొంబాయిలో పాత మేస్త్రీకి ఫోన్ చేసి హెరాల్డ్ కార్బురేటర్ సామాను తెప్పించి అలమారలో పెట్టాడు. ఆదివారాలు కూడా షెడ్డు తీస్తున్నానని, దూరంనుంచి వచ్చేవాళ్లు తాళం చూసి తిరిగిపోకూడదని అన్నాడు. ఆ కంకరమీదే నా ఫియట్‌ని నిలిపి ట్యూనింగ్ చేయించుకుని వచ్చేశాను. దారంతా సిగ్గేసింది. ముత్తంగి దాటేదాకా వేసింది, తర్వాత ఇంజిన్ చప్పుడు వింటూ మరిచిపోయాను.

దాదాపు ఏడాది కారు ఇబ్బంది పెట్టలేదు, నేనూ అటు వెళ్లలేదు. మొన్న మళ్లీ కోయంబత్తూరు ప్రయాణం ఉందనగా ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. ఇస్నాపూర్ వెళ్తే షెడ్డు ఉన్నచోట బిర్యానీ సెంటర్ ఉంది. మల్లయ్య పనిముట్లన్నీ తుక్కుకి వేసేసి ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి కుదిరాడని కౌంటర్‌లో ఉన్నతను చెప్పి, ఇల్లు చూపించాడు.

మల్లయ్య అరుగుమీద కూర్చుని నడుముకి బెల్టు కట్టుకుంటున్నాడు. నన్ను చూసి నిజంగా సంతోషపడ్డాడు. కుర్చీ వేయించాడు. భార్య కౌసల్యమ్మ టీ తెచ్చి నా చేతికిచ్చి గడప దగ్గర నిలబడింది. షెడ్డు సంగతి నేను ఎత్తలేదు. అతనే చెప్పాడు.

"మీరేం మనసుల పెట్టుకోకుర్రి సార్. మీరు చెప్పేది చెప్పిన్రు. గంతమందికి చెప్తె ఒక్కడు గూడ రాలే. అంటె నా పనిలనే ఏదో లోపం ఉన్నట్టు గద. బండి సప్పుడు ఇని, వద్దనుకున్నరు. గది సమజైనంక ఇగ స్క్రూ పట్టుకుంటె చెయ్యి వణికేది. బంద్ పెట్టిన."

నన్ను ఓదార్చడానికి ఆ మనిషి తన పనితనాన్నే తప్పుపట్టుకుంటున్నాడు. ఇక ఆగలేకపోయాను.

"మల్లయ్యా, నేను ఎవరికీ చెప్పలేదు. అంతా నేనే చేశానని చెప్పుకున్నాను."

మల్లయ్య బెల్టు కట్టుకోవడం ఆపాడు.

"హెరాల్డ్ ఆయనకు గూడ?"

"హెరాల్డ్ లేదు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను సగం కట్టిన బెల్టు విప్పి పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"అయితె సార్, పని మంచిగనే ఉండెనా?"

అంతకంటే మంచి పని ఎక్కడా చూడలేదని అందరూ అన్నారని చెప్పాను. మద్రాసులోనా అని అడిగాడు. మద్రాసులో, కోయంబత్తూరులో, వెళ్లిన ప్రతిచోటా అన్నాను. మల్లయ్య ముఖం విప్పారింది. గడపవైపు తిరిగాడు.

"ఇన్నవా? నా పనిల లోపం లేకుండెనట. మద్రాసుల గూడ మెచ్చుకున్నరట."

కౌసల్యమ్మ అన్నీ వింది. భర్తవైపు చూడలేదు, నావైపే చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి నా చేతిలోని టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనింకా తాగనేలేదు.