పేరంటాలు నవ్వు వెనక అట్టముక్క

నేను ఒక అట్టముక్కను. కొత్త చొక్కా మడతలో పెట్టి అమ్మే రకం. ఒక వైపు తెలుపు, ఇంకో వైపు మట్టిరంగు. వరిగడ్డీ చిత్తుకాగితాలూ కలిపి ఉడకబెట్టి, రోలర్ల కింద నలిపి, ఆరబెట్టి నన్ను తయారుచేశారు. పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. లోపల మనిషి లేకపోయినా ఉన్నట్టు కనబడేలా చొక్కాని నిలబెట్టడం నా మొదటి ఉద్యోగం. చివరి ఉద్యోగమూ ఇంచుమించు అలాంటిదే దొరుకుతుందని అప్పుడు నాకు తెలియదు.

నిడదవోలులో కాలవ పక్కన ఫోటో స్టూడియో నడిపే ఏసుపాదం ఆ చొక్కాని క్రిస్మస్‌కి కొనుక్కున్నాడు. చొక్కా నాలుగు ఉతుకులకే వెలిసిపోయింది. నేను మాత్రం అతని కంప్యూటర్ పక్క గోడకి గమ్‌టేపుతో అతుక్కుని మిగిలాను. ఆ రోజుల్లోనే అతను కొత్త విద్య ఒకటి పట్టాడు. మాటలు టైపు చేస్తే బొమ్మ గీసిచ్చే యంత్రం ఇంటర్నెట్‌లో దొరికింది. దానికి బోలెడన్ని మీటలు, గడులు. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరక్క, తనకి తోచిన పేర్లు పెట్టుకుని నా తెల్లవైపు రాసుకున్నాడు. నిలువు ఫోటోకి కొలత నాలుగు, అయిదు. సొగసు మీట వందకి జరిపితే సినిమా పోస్టరు, పెద్దవాళ్ళకి సున్నా. పోలిక మీట అంటే ఇచ్చిన ఫోటోకి ఎంత దగ్గరగా ఉండాలో. ఇక విత్తనం నంబరు. ప్రతి బొమ్మకీ ఒకటి ఉంటుంది. అవే మాటలు, అవే మీటలు, అదే నంబరు వేస్తే మళ్ళీ అదే బొమ్మ మొలుస్తుంది. అన్నిటికంటే కింద, రెండు గీతలు కొట్టి, ‘వద్దన్నది వద్దు గడిలోనే రాయాలి’ అని ఉంటుంది; బొమ్మలో రాకూడనివాటికి వేరే గడి అది.

ఈ ఆఖరిది దెబ్బ తిని నేర్చుకున్నది. రిటైరైన హెడ్మాస్టరు గారి బొమ్మకి వర్ణనలోనే ‘కళ్ళజోడు వద్దు’ అని రాస్తే రెండు కళ్ళజోళ్ళు వచ్చాయి, ముక్కు మీద ఒకటి, జేబులో ఒకటి. ఆ యంత్రానికి కళ్ళజోడు అన్న మాట వినబడుతుంది, వద్దు అన్న మాట వినబడదు. ఈ విషయంలో దానికీ మనుషులకీ నాకు పెద్ద తేడా కనబడలేదు. ఇంకో సంగతి. ఎవరూ అడక్కుండానే అది అందరినీ తెల్లగా చేసేది. వచ్చినవాళ్ళు ముక్కు బాగాలేదనీ చెవులు బాగాలేవనీ దెబ్బలాడారు గానీ, ఆ తప్పుని మాత్రం ఒక్కరూ ఎత్తి చూపలేదు.

ఒక బుధవారం పొద్దున్న గవర్రాజు గారు వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళు కాలవ మీద లస్కరుగా చేసి దిగిపోయిన మనిషి. లాకు తలుపులు తిప్పడం, గంటగంటకీ నీటిమట్టం చూసి గేజి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. చేతిసంచిలోంచి ఆధార్ కార్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

“మా ఆవిడండి, పేరంటాలు. పోయి పదకొండు నెలలైంది. ఇంకో ఫోటో లేదు. కెమెరా చూస్తే వంటింట్లోకి పోయేది.”

“పర్లేదండి, పెద్దది చేసి రంగులేసి ఇచ్చేస్తాను,” అన్నాడు ఏసుపాదం.

“పెద్దది చేయించుకుందావని రాలేదండి. దీన్ని వదిలించుకుందావని వచ్చాను.”

ఏసుపాదానికి అర్థం కాలేదు. గవర్రాజు గారు కార్డుని బోర్లించారు.

“అదివరకు కళ్ళు మూసుకుంటే నవ్వుతా కనపడేదండి. ఆవిడ పోయాక ఆ ఆఫీసుకీ ఈ ఆఫీసుకీ దీనికెన్ని జెరాక్సులు తీయించానో. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ మొహమే వస్తంది. దొంగతనం ఒప్పుకున్నట్టు ఉంటాది చూడండి. నవ్వు పోతందండి. ఉన్న కాస్తా పోకముందే ఎక్కడన్నా దింపుకోవాలి.”

ఏసుపాదం కార్డుని యంత్రానికి చూపించి, పోలిక మీటని చివరిదాకా జరిపాడు. కార్డులో మొహమే పళ్ళు బయటపెట్టింది. గవర్రాజు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. సగానికి తగ్గిస్తే పెదాలు నవ్వాయి గానీ కళ్ళు వేలిముద్ర వేయడానికి వరసలో నిలబడ్డట్టే ఉన్నాయి. ఇంకా తగ్గించాడు.

“ఈవిడెవరో బాగుందండి,” అన్నారు గవర్రాజు గారు మర్యాదగా. “మా ఆవిడైతే కాదు. ఆ కార్డు తీసేయండి. నేను నోటితో చెప్తాను, మీరు కొట్టండి.”

ఆయన చెప్పింది చెప్పినట్టే ఏసుపాదం తెలుగులో టైపు చేశాడు. కాలవ గట్టు, చామనఛాయ మనిషి, నుదుట కాసంత బొట్టు, మూతికి చెంగు అడ్డం పెట్టి నవ్వుతుంది.

బొమ్మ వచ్చింది. నుదుటి మీద బంగారు కాసు ఒకటి అతికించుకున్న స్త్రీ, కాలవని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దూకుతోంది. రెండు కాళ్ళూ గాల్లో ఉన్నాయి.

గవర్రాజు గారు తెర దగ్గరికి వంగి చూశారు.

“కాసులపేరు చేయించలేదని నన్ను దెప్పేదండి,” అన్నారు గవర్రాజు గారు. “ఒక్క కాసన్నా పెట్టించుకుంది, పోన్లెండి. మరా గంతేంటి?”

“చెంగు అన్నాం కదండీ. చెంగున దూకడం అనుకున్నట్టుంది. చీరకి చెంగుంటుందని దానికెవరూ చెప్పలేదనుకుంటాను.”

చెంగు తీసి కొంగు అని రాశారు. కాసుని తీసి గుండ్రటి ఎర్రబొట్టు అన్నారు. బొమ్మలు వస్తూనే ఉన్నాయి. గవర్రాజు గారు జేబులోంచి పెన్సిలు తీసి, ప్రతి బొమ్మ నంబరూ, దానికి కొట్టిన మాటలూ నా ఖాళీ అంచుల్లో ఎక్కించసాగారు.

“అవన్నీ ఎందుకండీ, నచ్చినప్పుడు దింపేసుకుంటాం కదా.”

“అలవాటండి. మట్టం దిగిపోయాక రాద్దామంటే ఏం రాస్తాం.”

ముప్ఫై బొమ్మలైనా కొంగు బుద్ధిగా భుజం మీదే కూర్చుంది. నవ్వమన్నారు గనక ఆ యంత్రం పళ్ళన్నీ చూపించాల్సిందే అనుకుంది. అప్పుడు గవర్రాజు గారు నా కింది గీతల దగ్గర వేలు పెట్టారు.

“ఈ వద్దు గడిలో పళ్ళు రాయండి. పెదాలు కూడా. మన వంక చూడ్డం కూడా వద్దు. ఆ పళ్ళు నలభై ఏళ్ళలో నేనే సరిగ్గా చూళ్ళేదు, దానికేం తెలుస్తాయి.”

ఈసారి వచ్చిన బొమ్మలో ఒకావిడ గట్టు మీద పక్కకి తిరిగి కూర్చుంది. కొంగు గుప్పెట పట్టి మూతికి అడ్డం పెట్టుకుంది. కనబడుతున్నది ఒక చెంప, ముడతలు పడ్డ కంటి కొస, అంతే. గవర్రాజు గారు లేచి నిలబడ్డారు. నంబరు వేసి, మాటలు తెర మీద ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకున్నాకే, “ఇదండి,” అన్నారు.

కరెంటు పోయింది.

“దింపారాండి?”

“లేదండి.” ఇన్వర్టరు బాగుచేయించాలని ఏసుపాదం ఉగాది నుంచీ అనుకుంటున్నాడు.

గవర్రాజు గారు కూర్చుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి, “కార్డే వచ్చింది,” అన్నారు.

కరెంటు వచ్చేసరికి రెండు టీలయ్యాయి. ఏసుపాదం నన్ను గోడ మీంచి పీకి ఒళ్ళో పెట్టుకుని, మీటలన్నీ సరిచేసి, నంబరు వేసి, మాటలు టైపు చేశాడు. తెర మీదికి వేరే ఎవరో వచ్చారు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆ వేరే ఆవిడే. గవర్రాజు గారు కళ్ళజోడు పెట్టుకుని నన్నూ తెరనీ మార్చి మార్చి చూశారు.

“ఇక్కడ ‘కొంగు’ అని కొట్టారేంటండి? పొద్దున ‘కొగు’ అని ఉంది.”

“అది నా తప్పండి. కంగారులో సున్నా ఎగిరిపోయింది. ఇప్పుడు దిద్దాను.”

“దిద్దకండి. గేజి పుస్తకంలో దిద్దుబాటు ఉండకూడదు. రాసింది రాసినట్టు కొట్టండి.”

సున్నా తీసేశాడు. గట్టు మీద, పక్కకి తిరిగి, కంటి కొస ముడతలతో, పేరంటాలు వచ్చి కూర్చుంది. ఎంతో చదువుకున్న ఆ యంత్రానికి తప్పు రాస్తేనే ఆమె దొరికింది. ఏసుపాదం ముందు దింపేసి, తరవాత ఊపిరి తీసుకుని, అప్పుడు చూశాడు.

“అయ్యో, చేతికి ఆరు వేళ్ళున్నాయండి. ఒక్క నిమిషం, వద్దు గడిలో వేస్తాను.”

“వద్దండి,” అన్నారు గవర్రాజు గారు. “ఉండనివ్వండి. ఆవిడ చేసిన చాకిరీకి ఐదు ఎక్కడ సరిపోయాయి.”

ఏసుపాదానికి ఆ వద్దు వినబడింది. మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

ఫ్రేము కట్టేటప్పుడు గవర్రాజు గారు నన్ను చూపించి, “వెనక ఆ అట్ట వేసేయండి. నంబరు దాని మీద ఉంది కదా, మళ్ళీ పోతే కావాలి,” అన్నారు. నా మీది సూత్రాలన్నీ ఏసుపాదం ఫోన్లో ఫోటో తీసుకుని నన్ను వదిలాడు. ఇప్పుడు నేను గవర్రాజు గారి ముందుగదిలో, పేరంటాలు వీపుకి ఆనుకుని, గోడ వైపు ఉన్నాను. ఆమె మొహం నాకు కనబడదు. చెవులు మాత్రం పనిచేస్తాయి.

సంవత్సరీకానికి పేరంటాలు చెల్లెలు నూకరత్నం వచ్చింది. ఫ్రేము ముందు చాలాసేపు నిలబడినట్టుంది.

“మొహం అక్కది కాదు బావా,” అంది చివరికి. “నవ్వు మాత్రం అక్కదే. ఎలా పట్టావు?”

“పట్టలేదు. పోతా ఉంటే గేటు దింపాను.”

“ఇప్పుడు కార్డు మొహం రావట్లేదా?”

“వస్తంది. ముందదే వస్తంది. కాసేపు ఓపిక పడితే దాన్ని పక్కకి జరిపి ఇది వస్తంది.”

తరవాత నూకరత్నం గొంతు దగ్గరికి వచ్చింది.

“అవును గానీ, మా అక్కకి ఆరు వేళ్ళు ఎప్పుడొచ్చాయి?”

“పైకెళ్ళాక ఇచ్చారంట.”

ఆమె ఘొల్లున నవ్వింది. వెంటనే ఇంకో నవ్వు వినబడింది. బయటికి పూర్తిగా రాకుండా, గుడ్డలో చుట్టినట్టున్న నవ్వు.

“అదేంటి బావా, అక్కలాగా తువ్వాలు అడ్డం పెట్టుకున్నావు?”

“నేనా?” అన్నారు గవర్రాజు గారు. తువ్వాలు ఇంకా తీసినట్టు లేరు.