సీలు వేసిన శ్రుతి

గ్రంథాలయం వార్షికోత్సవంలో ఒక్కదాన్నే పాడతానని దీపాలాయన భార్య పేరు ఇచ్చి వచ్చిన సాయంత్రమే, బావగారు వాళ్లింట్లోని హార్మోనియాన్ని గుడ్డలో చుట్టుకుని తన ఇంటికి పట్టుకుపోయాడు. ఆమెకు ఆయన స్వయానా అన్న. పన్నెండేళ్లుగా చెల్లెల్ని తన పాటల బృందంలో వెనక వరసలో నిలబెట్టి పాడిస్తున్నవాడు.

"శ్రుతి లేకుండా పాడి చూపించమ్మా. మధ్యలో ఆగావంటే మళ్లీ వెనక వరసే. ఇంకెప్పుడూ ముందుకు రానంటావు, సరేనా?" అన్నాడు పోతూ పోతూ.

సరేనంది. అని, కుట్టుమిషను ముందు కూర్చుని మూడు దిండు గలీబుల్ని తిరగేసి కుట్టింది. అది చూసి భర్తకు బావగారి మీద ఒళ్లు మండింది. వీధిదీపాలు బాగుచేసేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ని దీపాలాయన అంటారు. నిచ్చెన ఎక్కడం, దిగడం, ఆ మధ్యలో ఒక్క ముక్క మాట్లాడకపోవడం ఆయన పద్ధతి.

"శ్రుతిపెట్టె నేను చేస్తానే" అన్నాడు.

"షాకు కొట్టేదా, కొట్టనిదా?"

"మోగేది."

వంటింటి బల్ల మీద పని మొదలైంది. చచ్చిన రేడియోలోంచి స్పీకరు, ఖాళీ బిస్కెట్ల డబ్బా, ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి, తిప్పడానికి ఒక నాబు, బ్యాటరీ. పొద్దుగూకగానే వీధిదీపాన్ని దానంతటదే వెలిగించే పాత సెన్సరుంటే, దాని కన్ను పీకి డబ్బా మూతకు బిగించాడు. వెలుగు పడితే స్వరం పైకి పోతుంది, నీడ పడితే కిందికి దిగుతుంది. చెయ్యి అడ్డంగా ఆడిస్తే గమకం లాంటిదేదో పలుకుతుంది.

మొదటిసారి జలుబు చేసిన మేకలా అరిచింది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏం వదినా, పిల్లేమైనా ఇరుక్కుందా?"

"పిల్లి కాదు వదినా, మా ఆయన కళ!"

కెపాసిటర్లు మార్చగా మార్చగా నాలుగో రోజుకు మేక కాస్త మనిషయింది. ఆయన నాబు తిప్పుతుంటే ఆమె పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది. "ఆఁ, అక్కడే! అదే నా శ్రుతి. కదిపావంటే ఊరుకోను!"

కదపకుండా ఉండేందుకు ఆయన ప్రతి దీపానికీ చేసేదే దీనికీ చేశాడు. వాన దూరకుండా, దారినపోయేవాడు కెలక్కుండా, నాబుకూ మూతకూ బంక పోసి సీలు వేశాడు. తెల్లారేసరికి అది రాయిలా బిగిసింది.

గ్రంథాలయం హాల్లో వేదికకు ఎదురుగా మూడు పెద్ద లైట్లు. దీపాలాయన డబ్బాను స్టూలు మీద పెట్టి స్విచ్చి వేశాడు. కుక్కరు విజిలేసినట్టు కూసింది. వంటింటి బల్బుకూ ఈ లైట్లకూ తేడా ఉంటుందన్నది, బతుకంతా బల్బులు మార్చిన మనిషికి అప్పుడు తట్టింది.

"బావా, ఉడికినట్టుంది, దించు!" అన్నాడు ముందు వరసలోంచి బావగారు. హాలు గొల్లుమంది.

దీపాలాయన నాబు పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు. మూత మీద జేబురుమాలు కప్పాడు, గేదె మూలిగింది. సగం తీశాడు, మేక తిరిగొచ్చింది. భార్య మైకు పట్టుకుని తన శ్రుతి కోసం చెవి ఒగ్గింది.

"తర్వాతివాళ్లని పిలవమంటారా?" అని గుసగుసగా అడిగాడు లైబ్రేరియన్.

"ఆగండి" అన్నాడు దీపాలాయన. సభలో ఆయన చేసిన మొదటి ప్రసంగం అది.

లైట్లకూ డబ్బాకూ మధ్య నిలబడ్డాడు. స్వరం కొంచెం దిగింది. వంగాడు, ఇంకాస్త దిగింది. మోకాళ్లు మడిచి, పిరుదులు సభవైపు పెట్టి, పొట్టను డబ్బా మీదికి వాల్చాడు.

"అక్కడే!" అంది ఆమె. "కదలకు."

పాట ఎత్తుకుంది. మొదటి చరణానికి జనం ఆయన వెనకభాగాన్ని చూసి నవ్వారు. రెండో చరణానికి అది అక్కడున్న సంగతే మర్చిపోయారు. ఊపిరి పీలిస్తే పొట్ట ఉబ్బి శ్రుతి దిగుతోంది, అందుకని ఆయన పీల్చడం తగ్గించాడు. మోకాళ్లు వణికినప్పుడల్లా స్వరమూ వణికింది. ఆమె ఆ వణుకునీ గొంతులోకి తీసుకుని, ఎక్కడా ఆగకుండా చివరికంటా పాడింది.

చప్పట్లు. "ఇంకొకటి!" అని వెనకనుంచి కేకలు.

"నడుం పట్టేసిందే" అన్నాడు దీపాలాయన, వంగినవాడు వంగినట్టే.

బావగారు లేచి వేదిక దగ్గరికి వచ్చాడు. "చాల్లే బావా, లే. పోయి హార్మోనియం తెస్తాను."

"అక్కర్లేదన్నయ్యా" అంది ఆమె మైకులోనే. "రెండో పాట ఇంకొంచెం కింది శ్రుతిలో పాడాలి. నువ్వూ వచ్చి ఆయన పక్కన వంగు."

హాలంతా బావగారినే చూస్తోంది. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.